చిన్న కంపెనీలో ఉద్యోగులకు బెనిఫిట్స్ ఏర్పాటు చేయడం ఎలా: పీఎఫ్ నుంచి పేరెంట్స్ ఇన్సూరెన్స్ దాకా

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు ఈ నాలుగైదేళ్లలో చాలా మారాయి. ఇదివరకు ప్యాకేజీ ఎంత, హైక్ ఎప్పుడు అని అడిగి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు అమ్మానాన్నలకు ఇన్సూరెన్స్ ఉందా, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఆప్షన్ ఇస్తారా అని కూడా అడుగుతున్నారు. కరోనా రెండో వేవ్‌లో ఆసుపత్రి బిల్లులు కట్టిన కుటుంబాల పిల్లలు వీళ్లు. ఆ ప్రశ్నలు ఊరికే రావడం లేదు.

పెద్ద కంపెనీలకు ఇవన్నీ చూసుకోవడానికి బ్రోకర్లుంటారు, ప్రత్యేకంగా టీమ్ ఉంటుంది. ఈ గైడ్ వాళ్ల కోసం కాదు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, విశాఖలోనో 20 నుంచి 150 మందితో కంపెనీ నడిపే యజమాని కోసం, లేదా అకౌంట్స్‌తో పాటు హెచ్‌ఆర్ పని కూడా నెత్తినేసుకున్న మనిషి కోసం రాస్తున్నది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బెనిఫిట్స్‌లో వరస ముఖ్యం. వెల్‌నెస్ యాప్ కొని, యోగా క్లాసు పెట్టి, సగం మందికి పీఎఫ్ నామినేషన్ కూడా నింపని కంపెనీలు చాలా ఉన్నాయి. కొత్త ట్రెండ్స్‌లో పనికొచ్చేవి ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. ముందు పునాది సరిచూసుకుందాం.

1. మీ హెడ్‌కౌంట్‌ను బట్టి చట్టం ఏమంటుందో చూసుకోండి

మూడు అంకెలు గుర్తుంటే చాలు: 10, 20, 50.

పది మంది ఉంటే ఈఎస్ఐ (తక్కువ జీతాల ఉద్యోగులకు ప్రభుత్వ వైద్య బీమా), గ్రాట్యుటీ (ఐదేళ్లు చేసి మానేసేవారికి కంపెనీ ఇచ్చే మొత్తం), మెటర్నిటీ బెనిఫిట్ మీకు వర్తిస్తాయి. ఈఎస్ఐలో నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారు వస్తారు, దివ్యాంగులకైతే 25,000. కంపెనీ వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఇరవై మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి. అంతకంటే తక్కువ ఉన్నా స్వచ్ఛందంగా చేరొచ్చు. మంచి మనుషులు నిలవాలనుకుంటే చేరడమే మేలు. యాభై మంది ఉంటే క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోటు) సౌకర్యం చూపించాలి. సొంతంగా గది కట్టక్కర్లేదు, చుట్టుపక్కల కంపెనీలతో కలిసి ఒకదాన్ని పంచుకున్నా సరిపోతుంది. మాదాపూర్, గచ్చిబౌలి లాంటి చోట్ల ఒకే బిల్డింగ్‌లో పది కంపెనీలుంటాయి. అక్కడ ఇది ఎవరూ చేయకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

18,000 జీతం, అందులో పీఎఫ్ లెక్కకు 15,000 వచ్చే మనిషిని తీసుకోండి. పీఎఫ్‌లో కంపెనీ వాటా 1,800. ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు వచ్చే జీవిత బీమా) 75, అడ్మిన్ చార్జీలు 75. ఈఎస్ఐ 585. గ్రాట్యుటీ కోసం 4.81 శాతం లెక్కన పక్కన పెట్టాల్సింది సుమారు 720. మొత్తం నెలకు 3,250 పైచిలుకు. బెనిఫిట్స్ బడ్జెట్ వేసేటప్పుడు ఈ అంకె ముందు రాయండి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక్కడే ఇంకో సంగతి. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య కొత్తగా ఉద్యోగాలిచ్చే సంస్థలకు ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద కేంద్రం ప్రోత్సాహకం ఇస్తోంది. యాభై మంది లోపున్న సంస్థ కనీసం ఇద్దరిని, ఆపైన ఉన్నది ఐదుగురిని అదనంగా తీసుకుని ఆరు నెలలు నిలబెట్టుకోవాలి. జీతాన్ని బట్టి ఒక్కో కొత్త ఉద్యోగికి నెలకు 3,000 దాకా రెండేళ్లు వస్తుంది, తయారీ రంగానికైతే నాలుగేళ్లు. పైన చెప్పిన మనిషికి అది 2,000. మొదటిసారి పీఎఫ్‌లో చేరే ఉద్యోగికి విడిగా 15,000 దాకా రెండు విడతల్లో అందుతుంది. మీ పీఎఫ్ కన్సల్టెంట్ దీని ఊసెత్తకపోతే మీరే అడగండి.

2. జీతం స్ట్రక్చర్‌ను ఒకసారి తిరగరాయండి

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. బెనిఫిట్స్ వరకు వాటిలో అసలైన మార్పు "వేతనం" నిర్వచనం. బేసిక్‌ను బాగా తగ్గించి, మిగిలినదంతా అలవెన్సులుగా చూపించే పాత అలవాటు ఇక చెల్లదు. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలుపుతారు.

నెలకు 40,000 వచ్చే మనిషికి బేసిక్ 14,000, అలవెన్సులు 26,000 అనుకుందాం. సగం అంటే 20,000. అలవెన్సుల్లో 6,000 ఎక్కువైంది, అది వేతనంలో కలిసి 20,000 అవుతుంది. ఐదేళ్లు చేసి మానేస్తే పాత లెక్కలో గ్రాట్యుటీ దాదాపు 40,400. కొత్త లెక్కలో 57,700. తేడా 17 వేల పైనే. ఇలాంటివాళ్లు ముప్పై మంది ఉంటే ఎంతో మీరే వేసుకోండి. పీఎఫ్ పరంగా మాత్రం 15,000 సీలింగ్ మీదే కడుతున్నవారికి పెద్ద తేడా రాదు. 1,680 బదులు 1,800 అవుతుంది, అంతే.

ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు మీద తీసుకున్నవారికి ఇప్పుడు ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది, ఐదేళ్లు ఆగక్కర్లేదు. మానేసినవారికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. నలభై ఐదు రోజుల సెటిల్‌మెంట్ అలవాటు ఉన్న కంపెనీలు దీని మీద ఇప్పుడే కూర్చోవాలి. రాష్ట్ర నియమాలు కూడా పక్కన పెట్టుకుని చదవండి.

3. 21,000 గీత దగ్గర ఉన్నవాళ్ల పేర్లు విడిగా రాసుకోండి

ఎవరూ పట్టించుకోని చోటు ఇది. 20,500 జీతం ఉన్న ఆపరేటర్‌కు ఏప్రిల్ తర్వాత ఇంక్రిమెంట్ వేసి 22,000 చేశారనుకోండి. ఇంట్లో స్వీట్లు పంచుకుంటారు. కానీ ఆ 1,500తో పాటు ఈఎస్ఐ చేజారిపోతుంది. ఈఎస్ఐని చిన్నచూపు చూసేవాళ్లు మరిచిపోయే విషయం ఏమిటంటే, అందులో వైద్యం ఖర్చుకు పరిమితి లేదు. ఆదాయం నెలకు 9,000 లోపు ఉంటే ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో తల్లికి వైద్యం చేయిస్తున్న మనిషికి మూడు లక్షల గ్రూప్ పాలసీ చేతిలో పెట్టి "ప్రమోషన్" అంటే అతను సంతోషించడు.

కాస్త ఊరట ఏమిటంటే, కంట్రిబ్యూషన్ పీరియడ్ మధ్యలో జీతం పెరిగితే వెంటనే బయటికి రారు. ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి అని రెండు పీరియడ్‌లుంటాయి. మే నెలలో జీతం పెరిగినవాడు సెప్టెంబర్ ఆఖరు దాకా కట్టాలి, ఆ చందా మీద వచ్చే బెనిఫిట్ పీరియడ్ మరుసటి ఏడాది జనవరి నుంచి జూన్ దాకా నడుస్తుంది. ఈలోగా అతని కుటుంబాన్ని గ్రూప్ పాలసీలో చేర్చేయాలి.

నేనైతే ఇంక్రిమెంట్ లెటర్ ఇచ్చే ముందే ఆ మనిషిని పిలిచి, ఇంట్లో ఎవరికైనా వైద్యం నడుస్తోందా అని అడగమంటాను. గీతకు దగ్గర్లో ఆపి, మిగతాది ఏటా ఒకసారి ఇచ్చే ప్రోత్సాహకంగా మార్చడం లాంటివి చేసే ముందు మాత్రం కన్సల్టెంట్‌ను అడగండి. ఏది వేతనం కిందికి వస్తుంది, ఏది రాదు అన్నది మీరు అనుకున్నట్టు ఉండదు.

4. అడగండి, కానీ ఐదు ప్రశ్నలే

ముప్పై ప్రశ్నల గూగుల్ ఫారం పంపితే ఎవరూ నింపరు. పెళ్లయిందా, పిల్లలెందరు, తల్లిదండ్రుల వయసు, వాళ్లుండే ఊరు, ఇంట్లో రెగ్యులర్‌గా వాడే మందులు ఏ జబ్బుకు. ఈ ఐదు చాలు. చివరి ప్రశ్నకు పేరు రాయక్కర్లేదని చెప్పండి.

ఊరి సంగతి ఎందుకంటే, హైదరాబాద్ ఆఫీసులో పనిచేసే సగం మంది తల్లిదండ్రులు హైదరాబాద్‌లో ఉండరు. శ్రీకాకుళం, ప్రొద్దుటూరు, ఆదిలాబాద్, తాడిపత్రి అని రాస్తారు. బ్రోకర్ మీకు చూపించే నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితాలో బంజారాహిల్స్ పేర్లు గొప్పగా మెరుస్తుంటాయి. మీరు అడగాల్సింది పలాసలో ఏముంది అని. ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఉద్యోగి ఉంటే డయాలసిస్‌ను డేకేర్ (రాత్రి ఆసుపత్రిలో ఉండక్కర్లేని చికిత్స) కింద కవర్ చేస్తారా, ఏటా ఎన్నిసార్లు, అని కూడా రాతపూర్వకంగా అడగండి. కిడ్నీ జబ్బు ఇంటింటి సమస్య అయిన ఆ ప్రాంతం వాళ్లకు మిగతా బెనిఫిట్స్ అన్నీ దీని తర్వాతే.

5. గ్రూప్ హెల్త్ పాలసీ: ఇక్కడ తొందరపడొద్దు

ఈ గైడ్‌లో ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. గ్రూప్ పాలసీకి ఉన్న అసలు బలం ఏమిటంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ తీసుకోవచ్చు. విడిగా పాలసీ కొంటే షుగర్, బీపీ ఉన్న అరవై ఐదేళ్ల నాన్నకు ఆ జబ్బుల మీద మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, కానీ గ్రూప్ పాలసీలకు 18 శాతం అలాగే ఉంది. "అయితే ఎవరి పాలసీ వాళ్లు కొనుక్కుంటే చవక కదా" అని కొందరు యజమానులు లెక్క వేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఆ లెక్క కుదురుతుంది. వాళ్ల నాన్నకు కుదరదు.

కొటేషన్ వచ్చాక ప్రీమియం అంకె మీదికి కళ్లు పోకుండా ముందు వీటిని చూడండి.

కుటుంబం అంటే ఎవరు: ఉద్యోగి, భార్య లేదా భర్త, ఇద్దరు పిల్లలేనా, తల్లిదండ్రులు కూడానా? తల్లిదండ్రులకు బదులు అత్తమామలను ఎంచుకోవచ్చా? పెళ్లయిన ఆడపిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. ఒకరిని పుట్టింటి నుంచి, ఒకరిని అత్తింటి నుంచి కలపడానికి సాధారణంగా ఒప్పుకోరు, ముందే చెప్పేయండి.

రూమ్ రెంట్ పరిమితి: పాలసీలో ఇంతకంటే ప్రమాదకరమైన లైను ఇంకోటి ఉండదు. మూడు లక్షల పాలసీకి రూమ్ రెంట్ 1 శాతం అని రాసి ఉంటే రోజుకు 3,000. ఆపరేషన్ హడావుడిలో కుటుంబం 6,000 గది తీసుకుంది, నాలుగు రోజులు ఉన్నారు. అదనంగా కట్టాల్సింది 12,000 అని వాళ్లు అనుకుంటారు. బిల్లు కౌంటర్ దగ్గర అలా ఉండదు. గది పరిమితికి రెట్టింపు కాబట్టి సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు, నర్సింగ్ కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. అవి లక్ష రూపాయలుంటే యాభై వేలే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత ఉండకూడదు. అయినా జేబులోంచి 62,000 పోయింది. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. "సింగిల్ ప్రైవేట్ రూమ్, పరిమితి లేదు" అని రాయించుకోవడానికి ప్రీమియం కాస్త పెరిగినా పెట్టండి. సమ్ ఇన్సూర్డ్ (పాలసీ మొత్తం) మూడు నుంచి ఐదు లక్షలకు పెంచడం కంటే చాలాసార్లు ఇదే ఎక్కువ పనికొస్తుంది.

కో-పే: తల్లిదండ్రుల క్లెయిమ్స్‌లో 10 లేదా 20 శాతం కుటుంబమే పెట్టుకోవాలన్న షరతు. నాకు దీని మీద పెద్దగా అభ్యంతరం లేదు. మొత్తానికే తల్లిదండ్రులను తీసేయడం కంటే 20 శాతం కో-పేతో ఉంచడం నయం.

కాటరాక్ట్, మోకాలి మార్పిడి, కాన్పు లాంటి వాటికి ఉపపరిమితులుంటాయి. కాన్పుకు సిజేరియన్ పరిమితి ఎంతో చూసి, మీ ఊళ్లో మధ్యరకం ఆసుపత్రిలో ఎంత అవుతోందో పోల్చండి. రెంటికీ పొంతన లేకపోతే ఆ బెనిఫిట్ పేరుకే ఉన్నట్టు.

బడ్జెట్ సరిపోకపోతే ఇప్పుడు బాగా నడుస్తున్న పద్ధతి ఒకటుంది. ఉద్యోగి, భార్యాపిల్లల వరకు కంపెనీ కడుతుంది. తల్లిదండ్రులకు విడిగా వాలంటరీ పాలసీ పెట్టి, ఇష్టమున్నవాళ్ల జీతంలోంచి నెలనెలా కోస్తుంది. మొదటి రోజు నుంచి కవరేజీ అనే లాభం వాళ్లకు దక్కుతుంది, కంపెనీ మీద భారం పడదు. ఒక చిక్కుంది. జబ్బున్నవాళ్లే చేరతారు, క్లెయిమ్స్ ఎక్కువవుతాయి, మరుసటి ఏడాది ప్రీమియం ఎగబాకుతుంది. కంపెనీ కనీసం పావు వంతు భరిస్తే ఆరోగ్యంగా ఉన్న తల్లిదండ్రులు కూడా చేరతారు, లెక్క కాస్త నిలబడుతుంది.

పాలసీ తీసుకున్నాక కూడా రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి సీడీ అకౌంట్. కొత్తగా చేరినవారి ప్రీమియం మీరు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ముందే వేసి ఉంచిన డిపాజిట్‌లోంచి కోసుకుంటారు. అందులో డబ్బు లేకపోతే పేరు చేరదు. నేను చూసిన ఒక కంపెనీలో అకౌంటెంట్ డిపాజిట్‌ను "వచ్చే వారం" అంటూ వాయిదా వేస్తూ పోయాడు. ఈలోగా కొత్తగా చేరిన కుర్రాడికి బైక్ యాక్సిడెంట్ అయింది. ఆసుపత్రి డెస్క్‌లో అతని పేరు కొడితే ఏమీ రాలేదు. చివరికి యజమాని సొంత డబ్బు కట్టారు. ఆ మొత్తంతో డిపాజిట్ రెండేళ్లకు సరిపోయేది. రెండోది, పుట్టిన బిడ్డ పేరు, కొత్తగా పెళ్లయినవారి భార్య లేదా భర్త పేరు చేర్చే గడువు. మామూలుగా 30 రోజులు ఉంటుంది. పురుడు ఆనందంలో ఎవరికీ గుర్తుండదు, హెచ్‌ఆరే ఫోన్ చేసి అడగాలి.

క్యాష్‌లెస్ అనుమతి గంటలోపు, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. ఆసుపత్రిలో కూర్చున్న కుటుంబానికి ఈ సంగతి తెలిస్తే టీపీఏతో (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్స్ చూసే సంస్థ) గట్టిగా మాట్లాడగలుగుతారు. ఉద్యోగం మానేసేవారికి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే దారి ఉంటుందని ఎగ్జిట్ మెయిల్‌లో ఒక వాక్యం పెట్టండి. ఖర్చు లేని మంచితనం అది.

6. చవకగా దొరికేవి ముందు అందుకోండి

పీఎఫ్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈడీఎల్ఐ కింద జీవిత బీమా ఉంటుంది. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షలు. చాలామందికి ఈ సంగతే తెలియదు, తెలిసినా నామినేషన్ ఉండదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి ఫోన్‌లోనే ఈ-నామినేషన్ పూర్తి చేయించండి. పెళ్లికి ముందు అమ్మ పేరు పెట్టినవాళ్లు పెళ్లయ్యాక మార్చాలని కూడా చెప్పండి.

హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లు కాంట్రాక్టర్ మనుషులే కావచ్చు. వాళ్ల పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు ప్రతి నెలా అడిగి తీసుకోండి. అతను కట్టకపోతే చివరికి మీ మెడకే చుట్టుకుంటుంది. పైగా వాళ్ల కోసం రెండు ప్రభుత్వ బీమా పథకాలున్నాయి: ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలు, సురక్ష బీమా 20 రూపాయలు. రెండూ కలిపి 456. ఏ కారణంతో పోయినా 2 లక్షలు, ప్రమాదంలో పోతే మరో 2 లక్షలు. వాళ్ల బ్యాంకు ఖాతాలోంచే కోత పడుతుంది కాబట్టి ఆ డబ్బు మీరు తిరిగి ఇచ్చేయండి. జీవన్ జ్యోతికి యాభై ఏళ్ల లోపే చేరాలి. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు ఉండాలని గుర్తుచేయండి.

70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల కవరేజీ 2024 అక్టోబర్‌లో మొదలైంది. తెలంగాణలో అర్హత ఉన్న కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. మీ ఉద్యోగుల ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ కార్డులు ఉన్నాయో లేదో అడిగి చేయించడం మీకు దాదాపు పైసా ఖర్చు లేని బెనిఫిట్. గ్రూప్ పాలసీ మీద క్లెయిమ్స్ ఒత్తిడి కూడా తగ్గుతుంది.

7. సెలవులు, పని వేళలు

మెటర్నిటీ సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, ఆపైన 12. అంతకుముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈఎస్ఐలో ఉన్న మహిళకు ఆ డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, ఈఎస్ఐ జీత పరిమితి దాటినవారికి కంపెనీయే ఇవ్వాలి. ఇందుకే కొందరు యజమానులు "కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు వద్దు" అని చెవిలో చెబుతారు. అది చట్టరీత్యా తప్పు, లెక్కరీత్యా కూడా తెలివితక్కువ. మూడేళ్లు నేర్పిన మనిషిని పోగొట్టుకుని కొత్తవాళ్లను తయారు చేసే ఖర్చు ఆరు నెలల జీతం కంటే తక్కువేం కాదు.

తండ్రులకు ప్రైవేటు రంగంలో చట్టం ఏమీ ఇవ్వలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులుంది. జొమాటో 2019లోనే తండ్రులకూ 26 వారాలు ప్రకటించింది. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. పది పనిదినాలు ఇచ్చి, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లో రెండు విడతలుగా వాడుకోవచ్చని రాయండి. మన ఇళ్లలో కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. భార్య రాజమండ్రిలో ఉంటే కాన్పు రోజు కొన్నాళ్లు, ఆవిడను, బిడ్డను తీసుకొచ్చుకునేటప్పుడు కొన్నాళ్లు కావాలి.

పీరియడ్ లీవ్ మీద చర్చ వేడిగా ఉంది. జొమాటో 2020లో ఏడాదికి పది రోజులు ఇచ్చింది. కర్ణాటక ప్రభుత్వం 2025లో నెలకు ఒక రోజు జీతంతో సెలవును ప్రైవేటు సంస్థలకూ వర్తింపజేసింది, అది హైకోర్టుకు వెళ్లింది. బెంగళూరులో బ్రాంచి ఉన్నవాళ్లు ఆ కేసును గమనిస్తూ ఉండాలి. ఇక్కడ మాత్రం సెలవు పెట్టుకోవడానికి మగ మేనేజర్‌కు కారణం చెప్పాల్సిన పని లేకుండా చేయడం ముఖ్యం. అప్లికేషన్‌లో కారణం గడి తీసేసి నెలకు ఒక రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తే చిన్న ఆఫీసుల్లో గొడవ లేకుండా నడుస్తుంది.

హైబ్రిడ్ పద్ధతి గురించి ఒక్క మాటే: ఏ రోజులు రావాలో మేనేజర్ మూడ్‌ను బట్టి కాకుండా కాగితం మీద ఉండాలి.

8. డబ్బుకు సంబంధించిన కొత్త బెనిఫిట్స్

కార్పొరేట్ ఎన్‌పీఎస్ ఈమధ్య ఊపందుకోవడానికి కారణం పన్ను. కొత్త పన్ను విధానంలో చాలా మినహాయింపులు పోయినా, కంపెనీ కట్టే ఎన్‌పీఎస్ వాటాకు బేసిక్‌లో 14 శాతం దాకా మినహాయింపు ఉంది. నెలకు 1.6 లక్షల జీతం, 80,000 బేసిక్ ఉన్న మనిషికి ఏడాదికి 1,34,400 ఇలా వెళ్తుంది. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి దాదాపు 28,000 పన్ను మిగులుతుంది. కంపెనీకి అదనపు ఖర్చు లేదు, సీటీసీలోంచే మళ్లిస్తారు.

అయితే అందరి మీదా రుద్దకండి. ఏడాదికి 12.75 లక్షల లోపు జీతం ఉన్నవారికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు, వాళ్లకు ఇందులో పన్ను లాభం సున్నా. పైగా డబ్బు చాలావరకు ఏళ్ల తరబడి కదలదు. ఇల్లు కట్టుకునే ఆలోచనలో ఉన్నవాడికి ఇది టెన్షన్ తప్ప బెనిఫిట్ కాదు. ఆప్షన్‌గా పెట్టి, ఏటా ఏప్రిల్‌లో మార్చుకోనివ్వండి.

నెల మధ్యలో జీతం తీసుకునే యాప్‌లు ఇంకో ట్రెండ్. చార్జీ ఎవరు భరిస్తున్నారో చూడండి. ఉద్యోగి దగ్గర ప్రతిసారీ ఫీజు తీసుకుంటే అది వేరే పేరుతో వచ్చిన అప్పే. మనకు పండగ అడ్వాన్స్ అనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. సంక్రాంతికి, దసరాకే కాకుండా స్కూలు ఫీజులు కట్టే జూన్‌లో కూడా వడ్డీ లేకుండా నెల జీతంలో సగం ఇచ్చి ఐదారు వాయిదాల్లో కోసుకోండి. లోన్ యాప్‌ల బారిన పడిన ఉద్యోగి ఆఫీసులో ఉన్నా పని మీద ఉండడు.

9. మానసిక ఆరోగ్యం

కౌన్సెలింగ్ ఇచ్చే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్‌లు ఇప్పుడు చిన్న కంపెనీలకూ అమ్ముతున్నారు. కొనే ముందు రెండే అడగండి. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ ఉన్నారా? మాకు వచ్చే రిపోర్టులో పేర్లు ఉంటాయా? ఉంటాయంటే కొనకండి. బడ్జెట్ లేకపోతే ప్రభుత్వ టెలీమానస్ నంబర్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దాన్ని నోటీసు బోర్డు మీద అందరి ముందూ కాకుండా వాష్‌రూమ్ తలుపు లోపలివైపు అంటించండి, నంబర్ ఫోన్‌లో ఎక్కించుకునేటప్పుడు ఎవరూ చూడరు. మానసిక జబ్బులకు చికిత్సను మిగతా జబ్బులతో సమానంగా కవర్ చేయాలని 2017 చట్టం ఇన్సూరెన్స్ కంపెనీలకు చెబుతోంది. మీ పాలసీలో ఆ లైను ఎలా రాశారో కూడా చూడండి.

10. ఒక పేజీ తెలుగులో

ఇంత చేసి దాన్ని నలభై పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్‌గా మెయిల్ చేస్తే ఉపయోగం లేదు. ఒకే పేజీ, తెలుగులో. ఈ-కార్డు ఎక్కడ దొరుకుతుంది, సొంత ఊరికి దగ్గర్లో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రి, రూమ్ రెంట్ పరిమితి, అర్ధరాత్రి ఫోన్ చేయాల్సిన టీపీఏ నంబర్, ఆఫీసులో ఫోన్ ఎత్తే ఒక మనిషి పేరు. ఎమర్జెన్సీలో 24 గంటల్లోపు సమాచారం ఇవ్వాలన్న మాట పెద్ద అక్షరాల్లో. దీన్ని ఉద్యోగికి మాత్రమే కాదు, ఇంట్లోవాళ్ల వాట్సాప్‌కు కూడా చేర్చమనండి. ఆసుపత్రిలో పడుకున్న మనిషి తన కార్డు తాను వెతుక్కోలేడు.

పాలసీ రెన్యువల్‌కు రెండు నెలల ముందు క్లెయిమ్స్ డేటా అడగండి. మీరు కట్టిన ప్రీమియంలో ఎంత శాతం క్లెయిమ్స్‌గా వెళ్లిందో తెలిస్తేనే బేరం ఆడగలరు. చివరి వారంలో అడిగితే వాళ్లు చెప్పిందే రేటు. ఏ క్లెయిమ్స్ తిరస్కరించారో ఆ జాబితా కూడా తీసుకుని, వాటిలో కనీసం మూడింటి కుటుంబాలతో మీరే కూర్చుని మాట్లాడండి. వచ్చే ఏడాది పాలసీలో ఏ లైను మార్పించుకోవాలో వాళ్లే చెబుతారు.